పద్దెనిమిదో బోల్టు

అంకీసల మా వాకిట్ల
బండి ఏడ నిలవడ్డా దాని కింద ఒక నల్లమచ్చ.
కోడిపిల్లలు అందుల నడిచి
గద్దె మీద అచ్చులేసి పోతుంటయి.
బానయ్య పండుకొని పాన్ బోల్టులు బిగిస్తడు.
మర్నాడు ఇంకింత కారుతది.
ఇంకింత బిగిస్తడు.

ఆలాపల్లి మిస్త్రి ఎనిమిది వేలన్నడు, మూడొద్దులన్నడు.
అసరెల్లిల మిర్చి బస్తాలు మూతులు కుట్టుకొని కూసున్నయి.
సేటు పూటకోసారి ఫోన్ జేస్తడు,
మరాఠీల మొదలువెట్టి తెలుగుల తిడ్తడు.

"కారేది ఆడనే అని ఎట్ల తెలుసు?" అన్న.
"చూరు ఒక్కతాన ఉరుస్తది, గోడ ఇంకోతాన తడుస్తది."
ఆయన మాట్లాడలే.
అంటే విన్నడన్నట్టు.

డీజిల్ గుడ్డతోటి ఇంజన్‌ను పైనుంచి కిందిదాక తుడిచి
చిన్నదాని పౌడర్ డబ్బా మొత్తం దులిపిన.
ఇరవై నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచినం.
అంత నల్లటిది తెల్లగై, సిగ్గువడ్డట్టు వణుకుతుంటే
టార్చి వేసి ఎతికినం.
ఎనుక మూలకు, పాన్ అంచు మీద
చీమ నడిచినంత సన్నటి తడి గీత.

చల్లారినంక నూనె బకెట్లకు వంపినం.
తేనె రంగు ఎన్నడో పోయింది దానికి.
క్రాస్ మెంబర్‌కూ పాన్‌కూ నడుమ ఆయన చెయ్యి వట్టలే.
నాది వట్టింది. ఎండకాలమంతా
తునికాకు యాభై యాభై కట్టలు గట్టే చెయ్యి.
పానా పావు చుట్టే తిరుగుతది ఆ సందుల,
తీసి మళ్ల తొడగాలె, మళ్ల పావు చుట్టు.
తిరుమల్ పళ్లెం వట్టుకొని లెక్కవెడ్తున్నడు, బడి లెక్క:
"పంధరా, సోళా, సత్రా..."
సత్రా కాడ ఆగిండు.
"అఠరా ఏదే అమ్మా?"

పాన్ దించి చూస్తే అఠరా లేనే లేదు.
ఆ తూటుల సబ్బు గూరిండ్రు.
సబ్బు మీద ఎంసీల్ ముద్ద,
ముద్దను బోల్టు తలకాయ లెక్క చెక్కి నల్ల రంగేసి
మాకు అమ్మిండు దెగ్లూర్ ఆయన.
చెక్కుడైతే మంచిగ చెక్కిండు, ఆరు పలకలు సరిగ్గ.
బానయ్యకు కోపం రావాలె, నవ్వొచ్చింది.
మూడేండ్ల సంది
లేనిదాని పని ఉన్నవాటితోటి చేపియ్యవోయి
అంచును వంకర తిప్పింది మేమే.

రైలు పట్టా ముక్క మీద వెట్టి అంచు సాపు చేసిండు.
ప్యాకింగ్ కాగితం పరిచి
గుండు సుత్తెతోటి అంచెంబడి టక టక కొట్టుకుంట పోతే
కాగితం దానంతటదే తెగింది.
తూటు తూటుకు ఒక గుండ్రటి బిళ్ల రాలితే
చిన్నది ఒకటి నోట్లె వెట్టుకోవోయింది, గుంజుకున్న.

అఠరాకు మరలు అరిగిపోయినయి.
కాలిపోయిన టేబుల్ ఫ్యాన్ చుట్టలకెళ్లి రాగితీగ గుంజి
కొత్త బోల్టుకు మర మరకు చుట్టిండు.
తొడిగితే పట్టింది.
నడుమ నుంచి మొదలువెట్టి, ఎదురుబొదురు, కొద్ది కొద్దిగ బిగించినం.
"ఇంకింత" అన్నడు బానయ్య అలవాటుగ.
"చాలు" అన్న నేను.
కొంచెం సేపు పానా ఇద్దరి చేతుల్ల ఉన్నది.

రాత్రంతా ఆరనిచ్చి తెల్లారంగ కొత్త నూనె పోసి
కింద అట్టముక్క పరిచినం.
ఒక్క చుక్క వడ్డది.
తిరుమల్ వేలు వెట్టి వాసన చూసి
నీళ్లన్నడు, మంచు కావొచ్చన్నడు.
నేను నమ్మలే, నమ్మకుంటనూ లేను.
ఇంకో నాలుగొద్దులు చూడాలె.

మిర్చి ఎత్తుకొని వంతెన దాటి
కాళేశ్వరం కాడ చాయ్ తాగుకుంట ఫోన్ జేసిండు.
"గేజు?" అన్న.
"నిలవడ్డది."
జర ఆగి అన్నడు,
"ఇంజన్ కాగినకొద్దీ పౌడర్ వాసన లేస్తుందే.
చాయ్ పోసేటామె అడిగింది,
క్యాబిన్‌ల చంటిపిల్లను ఒక్కదాన్నే ఇడిసి దిగినవా అని."